మూల ఇంటికి రెండో గుమ్మం

మొన్న మా మనవరాలు విశాఖపట్నంలో అద్దెకు దిగుతున్న ఫ్లాటు తాలూకు ఒప్పందం పట్టుకొచ్చి, ఇంగ్లీషులో ఉన్న ఆ పదమూడు పేజీలకూ నా పక్కన కూర్చుని తెలుగులో అర్థం చెప్పుకొచ్చింది. గోడకు మేకు కొట్టకూడదట, మొక్కలకు పోసిన నీళ్ళు కింద ఇంటి బాల్కనీలోకి కారకూడదట, తగువేదైనా వస్తే ఫలానా ఊరి కోర్టులోనే తేల్చుకోవాలట. ఇల్లింకా చూడనైనా చూడకుండానే తగువు ఎక్కడ పడాలో రాసుకున్నారే అని నేను నవ్వితే, మీ రోజుల్లో ఏం రాసుకునేవారు అమ్మమ్మా అని అడిగింది. ఏమీ రాసుకునేవాళ్ళం కాదు. మంచిరోజు చూసి పాలు పొంగించుకునేవాళ్ళం, ఆ పాలల్లో మొదటి గ్లాసు ఇంటివారికి ఇచ్చేవాళ్ళం, అంతే. ఆ జవాబు దానికి చాలలేదు కాని, నాకు మాత్రం అరవైల చివర్లో విజయనగరంలో మేమున్న మూల ఇల్లు కళ్ళముందుకు వచ్చేసింది.

మావారు అప్పుడు హైస్కూల్లో లెక్కల మాస్టారు. నాకు పెళ్ళయి ఏడాది దాటింది, ఇరవై ఏళ్ళు ఇంకా నిండలేదు. ఇల్లు పెద్ద పెంకుటిల్లు, ఒక పక్క వీధి, ఒక పక్క సందు. అందులో రెండు గదులూ వంటవసారా మా వాటా, మిగిలినదంతా ఇంటివారిది. వీధి గుమ్మం అందరికీ ఒకటే, నుయ్యి ఒకటే, రెండు వాటాలకూ నడుమ ఒక తలుపు. ఇంటాయనకు శృంగవరపుకోట వైపు పొలాలుండేవి, వారంలో నాలుగు రోజులు అక్కడే గడిపేవారు. ఇంటి పెత్తనమంతా ఇంటావిడదీ, ఆవిడ మీద పెత్తనం ఆవిడ అత్తగారిదీ. ఆ పెద్దావిడను మేమందరం మామ్మగారనే పిలిచేవాళ్ళం.

ఒక ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగితే తగువులు రాకుండా ఉంటాయా? నా తరం వాళ్ళకు నేను చెప్పాలా! చేంతాడు తడిపి నూతి గట్టునే వదిలేశానని ఒకరోజు, మధ్యాహ్నం వాళ్ళు పడుకున్న వేళ రుబ్బురోలు తిప్పానని ఒకరోజు, దండెం మీద నా చీర వాళ్ళ వడియాల మీదకు కారిందని ఇంకోరోజు ఇంటావిడ నామీద లేచేది. నేనూ తక్కువ తినలేదు, గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టేదాన్ని. సాయంత్రానికి మామ్మగారు అరుగు మీద కూర్చుని ఇద్దరినీ పిలిచి, ఇద్దరిదీ తప్పేనని తేల్చేసి, ఇద్దరి చేతా చిక్కుడుకాయలు ఈనెలు తీయించేది. ఆ కాయలు అయ్యేసరికి మాటలు కలిసిపోయేవి.

అసలు ఇంటావిడకూ నాకూ పొత్తు కుదిర్చింది ఉత్తరాలు. ఆవిడకు చదువు రాదు, ఒక్కగానొక్క కూతుర్ని పొందూరు దగ్గర ఒక ఊళ్ళో ఇచ్చారు. ఆ పిల్ల రాసిన ఉత్తరం వస్తే మొగుడొచ్చేదాకా ఆగలేక, నడిమి తలుపు తోసుకుని నా దగ్గరకు వచ్చేసేది. నేను చదువుతుంటే పక్కనే కూర్చుని, అయిపోయాక మళ్ళీ మొదటినుంచీ చదవమనేది. ఆ పిల్ల నీళ్ళోసుకుందన్న కబురు నా నోటనే ఆవిడ విన్నది. ఆ తరవాత వారం తిరక్కుండానే నేనూ నెల తప్పాను.

చిక్కంతా అక్కడే వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా, ఏడో నెలలో కూతుర్ని తీసుకురావాలి. కాని ఒకే గుమ్మంలో ఇద్దరు కడుపుతో తిరగడం, రెండు పురుళ్ళు జరగడం పనికిరావని వాళ్ళ నమ్మకం. ఉత్త నమ్మకం కూడా కాదు, ఇంటావిడ పెద్దాడపడుచు అలాగే ఒక గుమ్మంలో తోడికోడలితోపాటు నీళ్ళాడి, పదకొండో రోజున పిల్లాణ్ణి పోగొట్టుకుందట. ఆవిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని, "నీమీద కోపం కాదమ్మీ, నాకు బయ్యం. ఎలాగూ మీ అన్నయ్యోలింటికి ఎల్తావు కదా, రెండు నెల్లు ముందే కాళీ సేసీండి" అన్నది. కడుపుతో ఉన్న మనిషి ఇల్లు మారకూడదని మా వైపు పట్టింపు, ఆ మాటే అన్నాను. చెప్పవలసిన అసలు మాట మాత్రం చెప్పలేదు.

నాకు పదేళ్ళప్పుడే అమ్మ పోయింది, నాన్న ఆ తరవాత ఎక్కువ కాలం లేరు. శ్రీకాకుళంలో అన్నయ్య ఇల్లే పుట్టిల్లు. ఆ అన్నయ్య దగ్గరనుంచి అప్పటికి పదిహేను రోజుల కిందటే ఉత్తరం వచ్చింది, వదినకు ఒంట్లో బాగుండటం లేదు, పురిటికి అక్కడే ఏర్పాటు చేసుకోండని. వదినకు ఏ జబ్బూ లేదని నాకు తెలుసు. ఇంటావిడ ఉత్తరాలన్నీ గొంతెత్తి చదివిన దాన్ని, ఆ ఒక్కటీ బియ్యం డబ్బాలో దాచేశాను. పుట్టింటివాళ్ళు రావద్దన్నారని పరాయివాళ్ళ ముందు ఎలా చెప్పుకుంటాం? పురుడు పోసేవాళ్ళు లేరు, ఇప్పుడు ఇల్లు కూడా లేకుండా పోతుందేమోనని భయం.

మాటా మాటా పెరిగింది. చేంతాడు నూతి దగ్గరనుంచి మాయమయింది, నడిమి తలుపుకు అటువైపునుంచి గడియ పడింది. మావారు లెక్కల మనిషి కదా, నోటితో పోట్లాడటం చేతకాదు, ఏదైనా కాగితం మీద పెట్టవలసిందే. ఎవరో స్నేహితుడి మాట విని, నాతో ఒక్క ముక్కైనా అనకుండా ప్లీడరు చేత నోటీసు రాయించి, మేమున్న ఇంటికే రిజిస్టరు పోస్టులో పంపించారు!

అది వచ్చిన వేళకు మగవాళ్ళిద్దరూ ఇంట్లో లేరు. పది రోజులుగా మాటల్లేని మనిషి, గడియ తీసుకుని, వేలిముద్ర వేసిన సిరా బొటనవేలికి ఉండగానే నా వంటింట్లోకి పరుగున వచ్చింది. కూతురి దగ్గరనుంచి మూడు వారాలుగా ఉత్తరం లేదు, ఎన్నడూ లేనిది రిజిస్టరు ఉత్తరం వచ్చింది, ఇంక ఆవిడకు తగువేం గుర్తుంటుంది! "సదువమ్మీ, బేగి సదువు, నా పిల్లకేటయినాదో సూడు" అంటూ కవరు నా చేతిలో పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది. విప్పితే మావారి పేరు.

అబద్ధం చెబుదామని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కాని ఆవిడ కళ్ళు చూశాక నోరు రాలేదు. నూతి నీళ్ళు ఆపడం, చట్టవిరుద్ధంగా ఖాళీ చేయమనడం, తగిన చర్య తీసుకోవడం, అన్నీ చివరిదాకా చదివాను. అంతా విని ఆవిడ అడిగింది ఒక్కటే. "అయితే పిల్లకేటీ అవనేదు కదా?"

ఏమీ అవలేదు పిన్నిగారూ అన్నాను, అని భోరుమని ఏడ్చేశాను. సిగ్గేసి కాదు, నా కోసం అలా గోడకు ఆనుకుని నిలబడేవాళ్ళు ఈ భూమ్మీద లేరని తెలిసి ఏడ్చాను. ఆవిడ తెల్లబోయి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అప్పుడు లేచి, బియ్యం డబ్బాలోంచి అన్నయ్య ఉత్తరం తీసి అదీ చదివి వినిపించాను. ఆవిడ మళ్ళీ మొదటినుంచీ చదవమనలేదు. "ముందే సెప్పకపోయావేటే" అని మాత్రం అని, నోటీసు పట్టుకుని అత్తగారి దగ్గరకు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మామ్మగారు మావారినీ ఇంటాయననూ అరుగు మీద ఎదురెదురుగా కూర్చోబెట్టి తీర్పు చెప్పింది. సందు వైపు గోడ పగలగొట్టి మా వాటాకు వేరే గుమ్మం నిలబెట్టాలి, పసుపు రాసి మామిడాకులు కట్టాలి, నడిమి తలుపు తాళం పురుళ్ళు రెండూ అయ్యేదాకా తన బొడ్లోనే ఉంటుంది. గుమ్మాలు రెండయితే ఇళ్ళూ రెండే. పైన దూలం ఒకటే కదండీ అని మావారు లెక్క తీయబోతే, "బగమంతుడు దూలమ్మీంచి దిగుతాడేటి బాబూ, గుమ్మంలోంచే కదా వస్తాడు" అని ఆవిడ కసిరింది. మావారు నోటీసు వెనక్కు తీసుకున్నారు. గోడ పగిలిన దుమ్ములో ఇంటాయనా ఆయనా ఇటుకలు అందించుకుంటూ కబుర్లలో పడ్డారు.

ఇంటావిడ కూతురికి మగపిల్లాడు, పద్దెనిమిది రోజుల తరవాత నాకు ఆడపిల్ల. మిషన్ ఆసుపత్రిలో పనిచేసి మానుకున్న నర్సమ్మగారే ఇద్దరికీ పురుడు పోశారు. తలుపుకు తాళం కాబట్టి ఇంటావిడ రోజుకు నాలుగుసార్లు వీధి చుట్టి సందులోకి వచ్చేది, కొంగు చాటున నాకు బాలింతలకు పెట్టే కాయం ముద్ద, పిల్లకు సాంబ్రాణి నిప్పులు. కూతురికి నీళ్ళు పోసిన తడి చేతులతోనే నాకూ పోసేది.

ఐదో నెలలో కూతుర్ని సారెతో అత్తింటికి పంపింది. మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచి, తలంటి, భోజనం పెట్టి, కొత్త చీర కట్టించి, ఒళ్ళో పసుపూ కుంకుమా పెట్టింది. పక్కన బుట్టలో సున్నుండలూ అరిసెలూ. అప్పటికి నడిమి తలుపు తాళం తీసేశారు, నాలుగడుగులు వేస్తే మా గది. నేను అటు నడవబోతే ఆవిడ ఆపేసింది. "పుట్టింటినుంచి అత్తింటికెల్లేదానివి, దొడ్డిదారినేటి?" అన్నది. వీధి గుమ్మంలోంచి దిగి, మలుపు తిరిగి, సందులోంచి మా గుమ్మం దాకా పట్టుమని నలభై అడుగులుండవు. నేను పిల్లను ఎత్తుకుని ముందు, ఆవిడ సారె బుట్ట నెత్తిన పెట్టుకుని వెనక. మా గుమ్మం దగ్గర బుట్ట దింపి, నా బుగ్గలు పుణికి, ఎక్కడికో దూరదేశం పంపిస్తున్నట్టు కళ్ళొత్తుకుంది. ఎదురుగా నిలబడిన మావారికి ఏం చెయ్యాలో తెలియక ఆవిడ కాళ్ళకు దండం పెట్టారు.

ఆ తరవాత ఎన్నో ఊళ్ళు తిరిగాం, చివరకు సొంత ఇల్లూ కట్టుకున్నాం. ఇప్పుడు ఎవరి తలుపు వారిది, ఎవరి నీళ్ళు వారివి, పక్కవాటావాళ్ళతో తగువులూ లేవు. తగువు పడాలన్నా ఒకరి వంటింట్లోకి ఒకరు రావాలి కదా! ఇది మంచిదే కావచ్చు, పిల్లలు సుఖంగా ఉన్నారు, కాదనను. నీ పుట్టిల్లు ఏ ఊరని ఎవరైనా అడిగితే నేనూ మర్యాదగా శ్రీకాకుళమనే చెబుతాను. అడిగినవాళ్ళు నా వయసువాళ్ళయి, వినే తీరిక వాళ్ళకుంటే మాత్రం, విజయనగరంలో మేము అద్దెకున్న ఇల్లని చెబుతాను.