వెనకాల పాడుతున్న గొంతు

కొత్త ఆల్బంకి ఒక్క బాణీ కూడా కుదరక, ఆ ఉదయం సముద్రపు ఒడ్డుకు వెళ్లి వల లాగేవాళ్ల పాటను ఫోన్లో రికార్డు చేసుకున్నాను. పెందుర్తి బస్సులో కూర్చుని దాన్ని వింటూంటే ఇయర్‌ఫోన్స్ ఊడిపోయి పాట బయటికి వినిపించింది.

పక్క సీట్లో పూర్ణా మార్కెట్ నుంచి సంచులతో వస్తున్న పెద్దావిడ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది.

"బాబూ, మళ్లీ ఎయ్యి."

వేశాను. ఆవిడ కళ్లు మూసుకుని విని, "ఆ ఎనకాల పాడతన్నోడు మా ఆయనే" అంది.

"ఏ బోటులో పనిచేస్తారమ్మా ఆయన?" అని సంబరంగా అడిగాను.

"సముద్రం మీదకి ఏటకెళ్లి మరి రాలేదు బాబూ. అప్పుడు మా పాప నా కడుపులో ఉంది. ఇప్పుడు దాని కొడుకు బడికెళ్తన్నాడు."

"ఇది ఈ పొద్దున్నే రికార్డు చేశానమ్మా" అన్నాను మెల్లగా.

"మంచిదే కదేటి! ఇంకా పాడతన్నాడన్నమాట" అని ఆవిడ నా చెయ్యి వదిలి, తన స్టాపులో దిగిపోయింది.

ఆల్బం ఆ పాటతోనే మొదలైంది. వెనకాల గొంతు తాళం తప్పుతోంది, తీసేద్దామన్నాడు స్టూడియోలో ఇంజనీరు. ఉండనివ్వమన్నాను.

ఆల్బం విడుదలయ్యాక కూడా ఆ ఒక్క పాటను నేను ఒంటరిగా వినలేదు.