కాంక్రీటు పోసిన పొలం

మెదక్ బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్లో బాస్కెట్‌బాల్ ఉంది. హవేలిఘనపూర్‌లో తనకో టీమ్ ఉందని, ఆటగాళ్ల బూట్లు, తిండి, బస్సు కిరాయి అన్నీ తనే పెట్టుకుంటానని చెప్పాడు.

"ఎక్కడ ఆడుతరు?" అన్నాను.

"బోరు కింద ఎకరం పొలముండె. కాంక్రీటు పోయించిన."

రెండు పంటలు పండే నేల! మా ఇంట్లో చెప్పులతో మడిలోకి దిగితేనే నాన్న ఊరుకోడు.

"మరి తినుడెట్ల?"

"ఇంకో ఎకరమున్నది గద," అంటూ ఆయన బంతిని తువ్వాలతో తుడిచాడు. "మీ దిక్కు మస్తు పొడుగున్నోడు ఎవడన్న ఉంటే చెప్పుండ్రి సారు. గా ఎకరం గూడ అమ్మి తెచ్చుకుంట."

మా తమ్ముడు ఆరడుగుల మూడంగుళాలు. బస్సెక్కేదాకా ఆ మాట నోరు దాటనివ్వలేదు.