గండపెండేరం తొడగని రాయలు

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో తెలుగు సంఘాలు రెండు. శ్రీకృష్ణదేవరాయలు మావాడంటే మావాడని తగువులాడుకుని చీలినవే రెండూ. ఐదు వందల ఏళ్ళ కిందట పోయిన మనిషిని పిలిచి అడిగే వీలు లేదు కాబట్టి, ఏటా ఎవరికి వారే భువనవిజయం నాటకం కట్టి, ఎవరి రాయలను వారు సింహాసనం ఎక్కిస్తున్నారు.

రంగయ్య ఈ గొడవలో లేడు. దోసెల హోటల్లో పదకొండేళ్ళుగా వంటమనిషి. వినుకొండ పక్క పల్లెల్లో తండ్రి వెంట పద్యనాటకాలాడిన గొంతు అతనిది. తిరగమోత పెడుతూ రాగం తీస్తే బయటివాళ్ళు దోసె చల్లారబెట్టుకుని వినేవారు. ఈ ఏడు ఆస్థానకవి వేషం కట్టాల్సిన అవధానిగారికి వీసా రాలేదు. సంఘం అధ్యక్షుడూ, తొమ్మిదేళ్ళుగా రాయల వేషం వదలనివాడూ అయిన కృష్ణమూర్తి వంటగదిలోకే వచ్చి రంగయ్యను బతిమాలుకున్నాడు.

రంగయ్య ఆశంతా ఒక్క ఘట్టం మీదే. పద్యం మెచ్చి చక్రవర్తి తానే వంగి కవి కాలికి అందె తొడుగుతాడు. అదే గండపెండేరం. రంగయ్య తండ్రి ముప్పై ఏళ్ళు భటుడి వేషాలు కట్టి పోయాడు. కాలు చాపే వేషం ఆయనకెవరూ ఇవ్వలేదు.

రిహార్సల్ మధ్యలో టీ తాగుతూ కృష్ణమూర్తి మాట కలిపాడు. ఏ ఊరన్నాడు, ఊళ్ళో ఏ వైపన్నాడు, ఇంటిపేరేమిటన్నాడు. కులం అనే మాట నోటరాకుండా కులం కనుక్కునే మన పాత విద్య, సముద్రాలు దాటినా తుప్పు పట్టలేదు. రంగయ్య దాచకుండా చెప్పాడు. మర్నాటికి నాటకం మారింది. అందెను భటుడు పళ్ళెంలో తెచ్చి కవి చేతికిస్తాడట.

"బ్యాక్ పెయిన్ రంగయ్యా, డాక్టర్ వంగొద్దన్నాడు," అన్నాడు కృష్ణమూర్తి. అప్పుడే గోల్ఫ్ ఆడి వచ్చాడాయన.

వేషం వాళ్ళ మొహాన కొట్టి రమ్మంది భార్య గిరిజ. రంగయ్య ఒప్పుకోలేదు.

నాటకం రోజు రంగయ్య పద్యం ఎత్తుకుంటే హాలు ఊగిపోయింది. భటుడు పళ్ళెం తెచ్చాడు. రంగయ్య చెయ్యి చాపలేదు. కుడికాలు ఒక అడుగు ముందుకు పెట్టి నిలబడ్డాడు.

"తీసుకో రంగయ్యా, టైమైపోతోంది," అని కృష్ణమూర్తి పళ్ళ సందున గొణిగాడు. అది మైకులో హాలంతా వినిపించింది.

"తమరే తొడగాలి ప్రభూ," అన్నాడు రంగయ్య. "రాయలవారు తొడిగారట."

ముందు వరసల పెద్దలు సెల్‌ఫోన్లలోకి తల దించుకున్నారు. వెనక, ఎమ్మెస్ చదువుకునే పిల్లలు వంగాలి, వంగాలి అని చప్పట్లతో తాళం మొదలుపెట్టారు. గోడవారగా రెండో సంఘంవాళ్ళు వీడియో తీస్తున్నారు. కృష్ణమూర్తి వాళ్ళను చూశాడు. వంగాడు. కిరీటం దొర్లిపోయింది. అందె తొడిగేటప్పుడు ఆయన వేళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో రంగయ్యకొక్కడికే తెలుసు.

మర్నాడు సంఘం ఫేస్‌బుక్ పేజీలో ఫొటో పెట్టారు. రంగయ్యను నిలువునా కత్తిరించేశారు. బోడితల రాయలవారు నడుం వంచి నేలమీద ఏదో వెతుక్కుంటున్నట్టుంది. కింద, 'మన రాయలు, మన సంస్కృతి' అని రాశారు.

గిరిజ ఫోన్ తెచ్చి చూపించింది. "నీ కాలే లేదు గదయ్యా ఇందులో. అడగవా?"

రంగయ్య ఫొటోను పెద్దది చేసి, కృష్ణమూర్తి వీపును తేరిపార చూశాడు.

"అక్కర్లేదులే," అన్నాడు. "వంగింది కనిపిస్తోందిగా."