ఫ్రెడ్రిక్ పెనం

ఫ్రెడ్రిక్ పెనాన్ని భార్గవ్ చేత్తో ముట్టుకోలేదు. బార్బెక్యూ పటకారుతో అంచు పట్టుకుని, చచ్చిన ఎలుకను మోసుకెళ్తున్నట్టు మొహం పక్కకు తిప్పుకుని, మెట్లు దిగి వీధిలోని చెత్తడబ్బాలో పడేశాడు. దాని మీద మిగిలిపోయిన సాంబారూ, టీ పిప్పీ కుమ్మరించాడు. ఫ్లాట్‌లోని మిగతా కుర్రాళ్ళు అప్పుడే పనుల నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

న్యూజిలాండ్‌లోని జాన్సన్‌విల్‌లో, రెండువేల పద్నాలుగులో జరిగిన సంగతి ఇది. చదువుల పేరుతో వచ్చిన తెలుగు కుర్రాళ్ళు కలిసి అద్దెకు తీసుకున్న ఫ్లాట్ అది. ఆ ఇనుప పెనం ఫ్రెడ్రిక్‌తో పాటు చీరాల నుంచి వచ్చింది. అతని తల్లి రాహేలమ్మ ఆసుపత్రిలో ఆయా. ఏళ్ళ తరబడి నూనె పట్టించి నల్లగా నిగనిగలాడేలా చేసిన పెనాన్ని కొడుకు పెట్టెలో బట్టల మధ్య పెట్టి పంపింది. దాని మీద దోసె అంటుకునేది కాదు. ఆదివారం వచ్చిందంటే ఫ్లాటంతా ఆ పెనం చుట్టూ మూగేది. అందరికంటే ఎక్కువ లాగించేది భార్గవే. "అమ్మ చేతి పెనంరా ఇది. మన నాన్‌స్టిక్‌లన్నీ దీని ముందు దండగ" అనేవాడు కూడా అతనే.

ఫ్రెడ్రిక్ పని చేసే వృద్ధాశ్రమంలో ఆదివారం మధ్యాహ్నం స్టేక్, అంటే మందంగా కోసిన పెద్దమాంసం ముక్క, బంగాళాదుంపలు వండేవారు. ఒకే పెనంలో రెండూ. ఆ వాసనకి అతనికి ఇల్లు గుర్తొచ్చేది. ఒకరోజు భార్గవ్ తప్ప ఎవరూ ఇంట్లో లేరు, భార్గవ్ గదిలో నిద్రపోతున్నాడు. ఫ్రెడ్రిక్ సూపర్‌మార్కెట్ నుంచి ఒక ముక్క తెచ్చుకున్నాడు. అమ్మ చేసినట్టే ఉప్పూ పసుపూ వేసి రుద్ది కడిగాడు. తర్వాత వంటింటి కిటికీలన్నీ మూశాడు. ఎందుకు మూస్తున్నాడో అతనికే తెలియదు. చీరాలలో పెద్దమాంసం వండే రోజు రాహేలమ్మ ముందు కిటికీలు మూసి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించేది. వాసన వీధిలోకి పోతే ఇంటి ఓనరు ఖాళీ చేయమంటాడని భయం. అలా ఒకసారి చేయించాడు కూడా. న్యూజిలాండ్‌లో ఆ భయం అక్కర్లేదని ఫ్రెడ్రిక్‌కి తెలుసు. చేతులు మాత్రం వాటి అలవాటు అవి చూసుకున్నాయి.

తడి మాంసం కాగిన నూనెలో పడగానే పొగ లేచింది. పోవడానికి దారి లేక కప్పు కింద కమ్ముకుంది. పొగ అలారం గూబలు పగిలేలా మోగింది. భార్గవ్ లుంగీ సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంట్రా తగలబెడుతున్నావ్?"

"స్టేక్."

"అంటే? బీఫా?" భార్గవ్ పొయ్యి దగ్గరికొచ్చి ఆగిపోయాడు. "మనం దోసెలు తినే పెనంలోనా!"

ఆ కిటికీలు తెరిచి ఉంటే అలారం మోగేది కాదు. ఆ మాట ఫ్రెడ్రిక్ చాలాకాలం తలుచుకున్నాడు.

ఆ సాయంత్రం అందరూ చూస్తుండగా పెనం కోసం చెత్తలో చెయ్యి పెట్టలేకపోయాడు. పొద్దున్నే తీసుకుందామనుకున్నాడు. అతను లేచేసరికి చెత్తబండి వచ్చి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే భార్గవ్ భుజం మీద చెయ్యి వేసి, "ఏమనుకోకు ఫ్రెడ్డీ, అందరికీ ఇబ్బందిగా ఉంది. వేరే రూమ్ చూసుకో" అన్నాడు. పెనం ఏమైందని రాహేలమ్మ ఫోన్లో అడిగితే, బాగుందమ్మా అన్నాడు. ఆమె పోయేవరకూ అదే చెప్పాడు.

తర్వాత పామర్‌స్టన్ నార్త్ అనే ఊరు వెళ్ళి అక్కడి వృద్ధాశ్రమంలో పనిలో కుదిరాడు. ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, పక్కలు మార్చడం, అన్నం తినిపించడం. ఒంటరి మనిషికి సరిపోయే చిన్న ఇల్లు. పాత సామాన్ల కొట్టులో తుప్పు పట్టిన ఇనుప పెనం దొరికితే తోమి, నూనె పట్టించి దారిలో పెట్టాడు. సెలవు రోజున అందులో దుంపల ముక్కలు ఎర్రగా వేయించి ఓ పక్కకు నెట్టి, ఖాళీ చేసిన చోట వెన్నా వెల్లుల్లీ వేసి స్టేక్ కాల్చుకునేవాడు. మాంసాన్ని కడగకుండా వండడం మాత్రం అతనివల్ల కాలేదు. కడిగి, పొడిబట్టతో తుడిచేవాడు. కిటికీ బార్లా తెరిచేవాడు.

భార్గవ్‌ని క్షమించాడు కూడా. అందుకు అతనికి ఒక ఆధారం ఉండేది. వాడి పుట్టుక అలాంటిది, వాడి దేవుడికి అది పాపం, అడగకుండా వండడం నాదే పొరపాటు అని సర్దిచెప్పుకున్నాడు. పండక్కి మెసేజ్ వస్తే జవాబిచ్చేవాడు. రెండువేల పద్దెనిమిదిలో భార్గవ్ ఫోన్ చేసి, "ఆఫీసు పనిమీద మీ ఊరొస్తున్నా, పడుకోవడానికి చోటుందా?" అన్నప్పుడు, ఆ రోజు గురించి ఒక్క మాట అనడానికే వస్తున్నాడేమో అనుకున్నాడు. ఆ ఒక్క మాట చాలు అతనికి. భార్గవ్ కోసం కోడిమాంసం తెచ్చిపెట్టాడు. కొత్త గిన్నె కూడా కొన్నాడు.

భార్గవ్ కాస్త ఒళ్ళు చేశాడు. వస్తూనే ఫ్రిజ్ తెరిచాడు.

"ఇదేంట్రా, స్టేక్ పెట్టుకుని నాకు చికెనా? అంత పరాయివాణ్ణయిపోయానా?"

ఫ్రెడ్రిక్ తెల్లబోయాడు. "నువ్వు తింటావా?"

"ఎప్పట్నుంచో! శుక్రవారం మా టీమంతా బయటికెళ్తాం. తినకపోతే వేరే టేబుల్ మీద కూర్చున్నట్టు ఉంటుందిరా. ఒంటరిగా అనిపిస్తుంది."

ఫ్రెడ్రిక్ దుంపలు తరిగాడు. మాంసం కుళాయి కింద పెట్టగానే భార్గవ్ పగలబడి నవ్వాడు. "స్టేక్ కడుగుతావేంట్రా మొద్దూ! మావాళ్ళకి చెప్తే పొట్టలు చెక్కలవుతాయి. ఎక్కువ కాల్చకు, లోపల గులాబీ రంగుండాలి."

దుంపలు వేగాయి. మాంసం చుయ్యిమంది. ఫ్రెడ్రిక్ కిటికీ తెరిచాడు.

"పక్కనెవరుంటారు?" అన్నాడు భార్గవ్.

"నవీన వాళ్ళు. మన తెలుగువాళ్ళే."

భార్గవ్ గబుక్కున లేచి కిటికీ మూసేశాడు. "మా తెలుగు అసోసియేషన్ గ్రూపులో ఉంటార్రా వాళ్ళు. మా ఆవిడ హేమశ్రీకి తెలిసిందంటే ఇంట్లోకి రానివ్వదు."

ఫ్రెడ్రిక్ చేతిలో గరిటె ఆగిపోయింది. "జాన్సన్‌విల్‌లో నా పెనం పడేశావ్, గుర్తుందా?"

"అబ్బా, ఇంకా అదేనా? అది వేరురా."

"ఎలా వేరు?"

"అప్పుడు దోసెల పెనం కదా. మేమంతా తినేది. పైగా నువ్వు..." భార్గవ్ ఆగాడు. "వదిలెయ్ బావా. మాడిపోతోంది, తిప్పు."

ఆ మిగిలిన మాట ఫ్రెడ్రిక్‌కి తెలుసు. చీరాలలో ఇంటి ఓనరు దాన్ని మింగకుండా, కులం పేరుతో సహా పూర్తిగానే అన్నాడు. పాపం పెనంలో లేదు, మాంసంలో లేదు. ఇన్నాళ్ళూ వాడి దేవుడి పేరు చెప్పుకుని తను వాణ్ణి క్షమించిందంతా దండగైపోయింది. ముక్క తిప్పాడు. వెళ్ళి కిటికీ తెరిచాడు. భార్గవ్ మళ్ళీ లేవబోయి, అతని మొహం చూసి కూర్చున్నాడు. చలిగాలిలో ఇద్దరూ తిన్నారు. భార్గవ్ పెనంలో అడుగంటిన దుంపల్ని కూడా గీక్కుని తిని, గొంతు తగ్గించి, బ్రహ్మాండంగా ఉందన్నాడు.

పొద్దున కారెక్కుతూ, "జాన్సన్‌విల్ వస్తే ఫోన్ చెయ్" అన్నాడు. "ఇంటి దగ్గర కుదరదులే, మా అత్తగారొచ్చారు. బయటెక్కడైనా తిందాం."

వాళ్ళు కలుసుకోవడం అదే ఆఖరు. ఫ్రెడ్రిక్ కారు అద్దం దగ్గరికి వంగి, పక్కింటివాళ్ళకి వినబడేంత గట్టిగా అన్నాడు:

"మీ ఇంటికే వస్తాన్రా భార్గవ్. దోసెలు పొయ్యమను. పెనం నేను తెస్తా. నిన్న తిన్నావే, ఆ పెనమే."