వెనక వచ్చేవాడికి కూడా ఓ సీసా

లిఫ్టులు బాగుచేసే ఆయన్ని అందరూ లిఫ్టు అనే పిలుస్తారు. చేసే పని ఒక్కటే దానికి కారణం కాదు. మాట మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతాడు. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని ఎదుటివాళ్ళు నిలబడి చూడాలి. మంచివాడు. కాదనడం చేతకాని మంచివాడు, అంటే ఇంట్లోవాళ్ళ లెక్కలో సగం వెధవ.

ఆయన చిన్ననాటి స్నేహితుడు బేకరీలో పొయ్యి దగ్గర పనిచేస్తాడు. స్నేహం చాలదన్నట్టు లిఫ్టు చెల్లెల్ని చేసుకుని బావ కూడా అయ్యాడు. రోజంతా వేడి ముందు నిలబడే మనిషికి కొండగాలి పిచ్చి పట్టి, ఏటా జరిగే సైకిల్ పందెంలో పేరిచ్చాడు. తెల్లారి మొదలుపెట్టి పొద్దుగూకేదాకా అడవిలోంచి కొండెక్కాలి, పాడుబడ్డ రాతిక్వారీ పక్కనుంచి మైదానంలోకి దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఎక్కువసార్లు తిరిగినవాడు గెలిచినట్టు. గెలిస్తే ఓ పతకం. గెలవకపోయినా ఒళ్ళునొప్పులు ఖాయం.

ప్రతివాడికీ కింద మైదానంలో బల్ల వేసుకుని ఒక తోడుమనిషి ఉండాలి. సీసాలో నీళ్ళు నింపాలి, అరటిపండు ఒలిచి పెట్టాలి, గొలుసుకు నూనె వెయ్యాలి, తిట్లు తినాలి. ఆఖరి పనిలో లిఫ్టును మించినవాడు లేడు.

కిందటేడు పందెంలో మధ్యాహ్నానికే బావ సైకిలు పడేసి, ఇక నావల్ల కాదని ఏడిస్తే, లిఫ్టు జాలిపడి ఇంటికి తీసుకొచ్చేశాడు. ఆపినందుకు బావ నెలల తరబడి ముఖం చాటేశాడు. అందుకే ఈసారి ముందే ఒట్టు వేయించుకున్నాడు.

"మధ్యాహ్నం దాటాక నా నోట్లోంచి వచ్చేదేదీ నేను కాదు బావా. ఏడ్చినా, తిట్టినా, ఏం వాగినా వినకు. సీసా చేతిలో పెట్టి తోసెయ్."

బయల్దేరేటప్పుడు గుమ్మంలో చెల్లెలు ఇంకో మాట అంది. "ఆయన నీ మాట వినడని నాకు బెంగ లేదన్నయ్యా. నువ్వు ఆయన మాట వింటావనే బెంగ."

పొద్దున్నంతా బాగానే నడిచింది. మధ్యాహ్నానికి కొండమీంచి పొగమంచు దిగింది. ముందు చెట్లు పోయాయి, తర్వాత పక్క బల్లలు పోయాయి. పోటీకి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకుంటుంటే వాళ్ళ తోడుమనుషులు సామాను సర్దుకుని జారుకున్నారు. చివరికి ఆ తెల్లదనంలో లిఫ్టూ, అతని అరటిపళ్ళూ మిగిలారు.

ఇక మనిషి కనబడేలోపే సైకిలు వినబడేది. తొక్కడం ఆపి పల్లానికి వదిలేస్తే వెనకచక్రం చేసే చిటచిట. యంత్రాల చప్పుడు విని బతికే పని కాబట్టి బావ చక్రం చప్పుడు అతనికి బావ గొంతంత గుర్తు. ఒక విడత చిటచిట రెండుగా వినిపించింది. మంచులోంచి వచ్చింది మాత్రం ఒక్క బావే.

"వెనక వచ్చేవాడికి కూడా ఓ సీసా ఇయ్యి," అన్నాడు బావ, లిఫ్టు భుజం మీదుగా ఎటో చూస్తూ.

వెనక ఎవరూ లేరు. వాగుడు మొదలైందన్నమాట అనుకుని, ఒట్టు ప్రకారం తోసేశాడు లిఫ్టు. కాదనలేనివాడు కదా, ఇంకో సీసా కూడా నింపి బల్ల చివర పెట్టాడు. లేనివాడికి మర్యాద చేస్తే మన సొమ్మేం పోయిందని నవ్వుకున్నాడు. ఆ నవ్వు మంచులో మరీ గట్టిగా వినిపించేసరికి ఆపేశాడు.

తర్వాతి విడత బావ రెండో సీసా కూడా తీసుకుని చొక్కా వెనకజేబులో దోపుకున్నాడు. ఎవరా మనిషి అని అడిగితే, మాట్లాడడనీ, తను దగ్గితే దగ్గుతాడనీ, ఆగితే ఆగుతాడనీ, అంత మంచి తోడు జన్మలో దొరకలేదనీ హాయిగా చెప్పాడు. లిఫ్టు భయపడింది ఆ హాయి చూసే. ఏడుస్తానన్నాడు, తిడతానన్నాడు. ఇంత సంతోషంగా ఉంటానని చెప్పలేదే. అయినా ఒట్టు ఒట్టే. తోశాడు.

మూడోసారి బావ సీసా ముట్టుకోలేదు. "మాకొద్దు. ఇప్పుడు వాడు ముందు పోతున్నాడు బావా. క్వారీలోంచి దగ్గరదారి ఉందట. ఈసారి అటే దిగుతాం."

లిఫ్టు చేతులు అలవాటు కొద్దీ తోసేశాయి. సైకిలు మంచులో కరిగిపోయాక గానీ తను తోసింది ఎక్కడికో తట్టలేదు. క్వారీలోకి దారి లేదు. నిలువునా కోసిన బండ, కింద నీళ్ళు. ఆపితే ఈసారి బావ జన్మలో మాట్లాడడు. ఆపకపోతే చెల్లెలికి ఏ ముఖం చూపించాలి?

మైదానం నుంచి క్వారీ మలుపుకు నిట్టనిలువు కాలిబాట ఉంది. పడుతూ లేస్తూ ఎక్కాడు. మలుపులో క్వారీవైపు అడ్డంగా కట్టిన రిబ్బను ముడి విప్పి ఉంది. తెగలేదు. ఎవరో నెమ్మదిగా విప్పినట్టు ఉంది.

చాలాసేపటికి పైనుంచి చిటచిట వినిపించింది. రెండు. మొదటిది దగ్గరికొచ్చి, అతని మోకాళ్ళకు చల్లగాలి తగిలించి, క్వారీవైపు దాటిపోయింది. చక్రం లేదు, మనిషి లేడు. వెనకే బావ వచ్చాడు, అటే తిప్పుతూ. లిఫ్టు హ్యాండిల్ మీద పడ్డాడు. ఇద్దరూ బురదలో దొర్లారు. మొరాయించిన యంత్రంతో అతను వాదించడు, ముందు కరెంటు తీసేస్తాడు. ఇరుసు దగ్గరి పిడి తిప్పి ముందుచక్రం ఊడదీసి కడుపుకు అదుముకున్నాడు.

బావ తిట్టాడు, గుద్దాడు, ఒట్టేశావు కదరా అని ఏడ్చాడు.

"ఒట్టేసింది మా బావకి," అన్నాడు లిఫ్టు. "నువ్వెవరివో నాకు తెలీదు." జన్మలో మొదటిసారి మధ్యలో ఆగకుండా ఒక మాట పూర్తిచేశాడు.

అప్పుడు ఇద్దరికీ వినిపించింది. చిటచిట కిందికి, ఇంకా కిందికి పోయి, కత్తిరించినట్టు ఆగింది. నీళ్ళ చప్పుడు రాలేదు.

బావ క్వారీవైపు చెవి పెట్టి విన్నాడు. మెల్లగా కళ్ళు కుదురుకున్నాయి. కోపం లేదు. పొయ్యి దగ్గరి పాత మనిషి అతనిలోకి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"నన్నాపావు సరే," అన్నాడు. "వాణ్ణెందుకు ఆపలేదు?"

సైకిలు ఒకరు, చక్రం ఒకరు మోసుకుంటూ కాలిబాట దిగారు. ఇద్దరికే ఇరుకైన బాట అది. అయినా మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, చెరో అంచున ముళ్ళు గీరుకుంటూ నడిచారు. అలా నడుద్దామని ఎవరూ అనలేదు.