చెరువు నాడి చూసిన అత్త

మా అత్త రంగు తొట్టిలో చెయ్యి పెట్టిందంటే ఇంట్లో అందరం మాటలు ఆపేవాళ్ళం. పట్టు నూలుకు రంగు ఎక్కాలంటే నీళ్ళు ఎంత కాగాలో చెప్పే పరికరమేదీ మాకు లేదు. ఆమె అరచేతి వెనక భాగం నీళ్ళకు ఆనించి, కళ్ళు సగం మూసి, "ఇంకో కట్టె ఎగదొయ్" అనో, "చాలు, నూలు ముంచు" అనో చెప్పేది. పెళ్ళయిన కొత్తలో నేనూ ఆ విద్య నేర్చుకోబోయాను. చెయ్యి కాలితే నీళ్ళు కాగినట్టు, కాలకపోతే కాగనట్టు. నా లెక్కలో నడిమి మెట్టు లేదు.

నేను హిందూపురం పిల్లను. చల్లని ఊరి నుంచి ధర్మవరం ఎండలోకి వచ్చి పడ్డాను. డబ్బును దుడ్లు అన్నప్పుడల్లా అత్తగారి వీధిలో నవ్వేవాళ్ళు. చేపల గురించి నాకు తెలిసిందల్లా అవి బుట్టలో వస్తాయని, చట్టిలోకి పోతాయని. బుట్టకు ముందు ఎక్కడుంటాయో ఆలోచించే పని నాకెప్పుడూ పడలేదు.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక ఏడు, మా ఆయన పెనుకొండలో చుట్టాల పెళ్ళికి పోయి విషజ్వరంతో తిరిగొచ్చాడు. జ్వరం చాలా రోజులు పీడించి వదిలింది గానీ, పోతూ పోతూ ఆకలిని కూడా వెంటబెట్టుకు పోయింది. గంజి పెదవుల దాకా వచ్చి ఆగిపోయేది. ఒకరోజు మగ్గం గుంటలో దిగబోయి, కాళ్ళు వణికి, గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎముకలకు చొక్కా తొడిగినట్టుండేవాడు. జ్వరానికి బతికినవాడు తిండి లేక దక్కడేమోనని వైద్యుడికే బెంగ పట్టుకుంది.

"కొర్రమీను దొరికితే పెట్టండమ్మా. సత్తువ దాంతోనే రావల్ల" అన్నాడు.

ఆ మాటకు మా ఆయన చాలా రోజుల తరువాత తల ఇటు తిప్పి, "పులుసు చేస్తే తింటా మా" అన్నాడు, వాళ్ళమ్మను చూసి.

కానీ కొర్రమీను ఎక్కడిది? ఎండాకాలం చివర చెరువు అడుగంటినప్పుడే చేపలవాళ్ళు వలలు లాగేశారు. బురదలో దాగి మిగిలినవే మిగిలాయి. సంతలో ఎండు చేపలు తప్ప పచ్చివి లేవు.

"నేను తెస్తా" అంది అత్త. అటక మీది వెదురు గడ దించింది. ఆమె చెరువు పక్క పల్లెలో పుట్టిన మనిషి. చిన్నప్పుడు వాళ్ళ నాయన దగ్గర గాలం వెయ్యడం నేర్చిందట. దారం మాత్రం మా ఇంటిదే. చీరకు పనికిరాని పట్టు పోగులు పేటలు కలిపి పేనింది. మా ఊరి చేపలు పట్టుతోనే పట్టుబడాలి కాబోలు అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు. ఆ ఇంట్లో అప్పుడు నవ్వే ఓపిక ఎవరికీ లేదు.

తొలకరి వానలు పడి చెరువులో కొత్తగా నీళ్ళు చేరి, ఆపైన కొన్నాళ్ళు గట్టిగా ఎండ కాసింది. ఇద్దరం గట్టు వెంట పోతున్నాం. జమ్ము గడ్డి మొదట్లో, లోతు తక్కువ ఉన్న చోట, నీళ్ళలో చాప వెడల్పున ఎర్రటి మరక కనబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. యుద్ధం వల్ల ఓడల్లో వచ్చే రంగు పొడి కరువై, చిటికెడు ఎరుపు కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నాం. ఇక్కడెవరో మహారాజులు రంగు నూలు తెచ్చి చెరువులో జాడించి పోయారు!

"అత్తా, చూడు ఈడ! ఎవరో ఎర్ర రంగంతా చెరువు పాలు చేసినారు!"

నా అరుపుకు మరక పక్కకు జరిగింది. చూస్తుండగానే ముడుచుకుంది, మళ్ళీ విచ్చుకుంది. అత్త గట్టు మీద కూలబడి నవ్వింది.

"రంగు కాదే పిచ్చిదానా, పిల్లలు! కొర్రమీను పిల్లలు. పుట్టినప్పుడు అట్లే ఎర్రగుంటాయి."

అందరూ పప్పులో కాలేస్తారు, నేను చెరువులో వేశాను. మరక కింద నుంచి నల్లటి వీపొకటి పైకొచ్చి, గుటుక్కున గాలి మింగి దిగిపోయింది.

"అదో, కాపలా. మొగుడూ పెండ్లామూ ఈడే తిరుగుతాంటాయి" అంటూ అత్త వంగి, చేతి వెనక భాగం నీళ్ళకు ఆనించింది, అచ్చం రంగు తొట్టిలో పెట్టినట్టే. "చూడు, ఎంత ఎచ్చగుండాదో. నీళ్ళు ఇట్ల ఎచ్చబడితేనే గుడ్లు పెడతాయి. చల్లగుంటే కడుపులోనే మోసుకోని తిరుగుతాయి."

నాకు పురుళ్ళ కబుర్లు పట్టలేదు. "ఇంకేమత్తా, దొరికిండాది కదా. వెయ్యి గాలం!"

"దీనికా? ఇప్పుడు పుల్ల చూపించినా వచ్చి కరుస్తాది. ఆకలికి కాదు, కోపానికి. దీన్ని పట్టేదానికి నేనెందుకు, నువ్వు చాలు."

"మరి?"

"దీన్ని తీసేస్తే సందేళకు ఒక్క పిల్ల మిగలదు. జెల్ల చేపలు నమిలేస్తాయి. వచ్చే ఏడు మళ్ళా ఎవురికన్నా జ్వరమొస్తే యాడికి పోవల్ల?"

ఆ దారినే గొర్రెలు తోలుకుపోతున్న పెద్దమనిషి ఒకాయన ఆగి, "ఏమక్కా, ఇంట్లో మొగోళ్ళు లేరా, నువ్వు గాలం పట్టినావు?" అన్నాడు.

"వాళ్ళను ఎప్పుడో పట్టేసినాములేప్పా. ఇంక చేపలే మిగిలినాయి" అంది అత్త, తల తిప్పకుండానే.

ఆ సాయంత్రమే వడగండ్ల వాన కురిసింది. తరువాత ముసురు, ఈదురుగాలి. మరునాడు అత్త గట్టు పొడుగునా నీళ్ళు ముట్టి చూసి పెదవి విరిచింది. "చల్లబడిపోయినాయి. చేపలన్నీ అడుక్కు పోయింటాయి. నోరు కూడా తెరవవు." అయినా కూర్చుంది. ఎర అలాగే తిరిగొచ్చింది. ఆ మర్నాడూ అంతే. ఇంట్లో మా ఆయన రెండు గుక్కల గంజి తాగి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. దుప్పటి కింద మనిషి ఉన్నాడా అన్నట్టుండేది.

చెరువు మొత్తంలో కంటికి కనబడే కొర్రమీను ఆ కాపలా జంట ఒక్కటే. "అత్తా, ఒక్కదాన్ని తీస్తే ఇంకొకటి ఉంటాది కదా" అన్నాను. నా గొంతు నాకే అడుక్కునేదానిలా వినబడింది. ఆమె లేచి జమ్ము దగ్గరికి పోయింది. ఆ ఎరుపు మీదుగా గడ చాచింది. దారం నీళ్ళకు జానెడు ఎత్తున వేలాడుతోంది. చాలాసేపు అలాగే నిలబడింది. ఆమెకు ఉన్నది ఒక్కడే కొడుకు. చివరికి గడ వెనక్కి తీసి, దారం చుట్టేసి, "ఎండ రానీ" అంది. అంతే.

ఎండ వచ్చింది. మబ్బు విడిచిన మధ్యాహ్నం, వాగు చెరువులో కలిసే మూలకు తీసుకుపోయింది నన్ను. వాగు నీళ్ళు ఎర్రమట్టితో చిక్కగా, చల్లగా దిగుతున్నాయి. ఇవతల నల్లబండల పక్కన తేట నీళ్ళు. అత్త మోకాళ్ళ దాకా దిగి అడుగడుగునా చెయ్యి ఆనిస్తూ పోయింది. ఒక చోట ఆగి నన్ను పిలిచి, నా చెయ్యి పట్టి నీళ్ళలో ముంచింది. బొటనవేలు వైపు చల్లగా, చిటికెనవేలు వైపు గోరువెచ్చగా ఉంది! నా మొద్దు చేతికే తెలిసిందంటే చూడండి.

"బండలకు ఎండ తగిలి ఈ పక్క ఎచ్చబడినాయి. వాగులో కప్పలు, వానపాములు కొట్టుకొస్తాంటాయి. చలిలో పస్తున్నది ఏదన్నా ఉంటే, ఎచ్చని పక్క నిలబడి ఆ పక్కకు నోరు తెరుచుకోనుంటాది."

అయినా వెంటనే వెయ్యలేదు. గట్టెక్కి, ఎర్ర పిల్లలేమైనా ఉన్నాయేమోనని చుట్టూ కలియజూసింది. లేవని నమ్మకం కుదిరాక, చిన్న కప్పను గాలానికి గుచ్చి, మట్టి నీళ్ళలో వేసి, మెల్లగా తేట వైపు లాగింది. రెండు నీళ్ళు కలిసే గీత దాటిందో లేదో, నీళ్ళు భళ్ళుమన్నాయి. గడ విల్లులా వంగింది. పట్టు దారం ఆమె వేళ్ళను కోస్తూ జరిగింది.

"పట్టుకోవే!" అని కేక. నేను పట్టుకున్నాను, చేపను కాదు, అత్త నడుమును. ఇద్దరం వెనక్కి పడ్డాం. చేప కూడా మాతోపాటే గట్టున పడింది. మోచెయ్యంత పొడుగు, పాము తల. నేను చేసిన సాయమంతా ఆమె కింద పడటమే.

పులుసు నన్నే చెయ్యమంది, ఆమె వేళ్ళకు గుడ్డ చుట్టుకుని ఉంది కాబట్టి. మా ఆయనను గోడకు ఆనించి కూర్చోబెట్టి రాగి సంగటి, పులుసు పెట్టాం. మొదటి ముద్ద మింగాడు. రెండోది నోట్లో పెట్టుకుని ఆగాడు. జ్వరం వచ్చినప్పటి నుంచి అతను పెట్టినదాన్ని తోసెయ్యడమే గాని, బాగుందని గాని బాగాలేదని గాని ఒక్క మాట అన్నది లేదు.

"ఉప్పు చాల్లేదు మా" అన్నాడు, మొహం చిట్లించి.

నా వంటకు అంత గౌరవం మరెప్పుడూ దక్కలేదు. అత్త ఒక్క పరుగున లోపలికి పోయి, ఉప్పు చట్టి మొత్తం ఎత్తుకొచ్చి కొడుకు ముందర పెట్టింది.