చాక్లెట్ రంగు కోసం

కరోనా ఆంక్షలు పూర్తిగా తొలగిన ఏడాది, అక్టోబరు నెలలో, నేను బహ్రెయిన్‌లోని రిఫా శివార్లలో ఉన్న ఒక ప్రైవేటు అశ్వశాలలో పశువైద్యురాలిగా చేరాను. అంతకుముందు చాలా ఏళ్లు మనామాలో కుక్కలకు, పిల్లులకు వైద్యం చేశాను. మావారు సల్మానియాలో ఆసుపత్రి ల్యాబులో పనిచేసేవారు. కాపురం ఆ పక్కనే జింజ్‌లో. పదవీ విరమణకు ముందు నేను చేసిన చివరి ఉద్యోగం అది.

అశ్వశాలలో యజమాని తరువాత మాట మేనేజరుది. ఏ ఆడగుర్రానికి ఏ మగగుర్రంతో జత కట్టించాలో ఆయనే నిర్ణయిస్తాడు. టీకాలు, కడుపు స్కానింగు, కాన్పులు డాక్టరు చూస్తుంది. సలహా కూడా ఇవ్వవచ్చు, కానీ అది సలహాగానే మిగులుతుంది. అందరికంటే కింద సయీసులు. ఒక్కొక్కరికి నాలుగైదు గుర్రాలు అప్పగిస్తారు. మేత, మాలిష్, కాళ్ల కింద గడ్డి మార్చడం వాళ్ల డ్యూటీ.

ఆ దీవిలో ఎవరికైనా అరబ్బీ గుర్రాలే ప్రాణం. మా యజమానికి మాత్రం రాకీ మౌంటెన్ జాతి మీద మోజు. అది పుట్టుకతోనే ప్రత్యేకమైన నడక ఉన్న జాతి. నాలుగు కాళ్లూ ఒకదాని తరువాత ఒకటి విడివిడిగా నేలను తాకుతాయి. రౌతుకు కుదుపు తెలియదు. అయితే ఆయనను పట్టుకున్నది నడక కంటే రంగు. అమెరికా నుంచి తెప్పించిన మగగుర్రం కహ్వా ఒళ్లు ముదురు చాక్లెట్ రంగు, జూలూ తోకా వెండిలా తెలుపు. వచ్చిన అతిథులందరూ దాని ముందే నిలబడేవారు.

గుర్రం ఒంటి మీద మూలరంగులు రెండే, నలుపు, ఎరుపు. తక్కినవి చాలావరకు ఆ రెండింటినీ పలచబరిచే జన్యువుల పని. సిల్వర్ అనే జన్యువు నలుపు మీదే పనిచేసి దాన్ని చాక్లెట్ చేస్తుంది. ఎరుపును ముట్టుకోదు. అందువల్ల పూర్తి ఎర్రగుర్రం ఆ జన్యువును మోస్తున్నా పైకి ఏమీ తెలియదు. ఆ జన్యువుకు ఇంకో గుణం ఉంది. కంటి నిర్మాణాన్ని చెడగొడుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే కంటిలో చిన్న నీటితిత్తులు ఏర్పడతాయి, చూపుకు పెద్ద ఇబ్బంది ఉండదు. ఇద్దరి నుంచీ వస్తే పిల్ల చెడిపోయిన కళ్లతోనే పుడుతుంది. దానికి మందు లేదు.

ఆ శీతాకాలంలో జమ్రా అనే ఎర్ర ఆడగుర్రం దిగింది. దాని తండ్రిది చాక్లెట్ రంగు. రాగానే చేసే పరీక్షలో కంటిలోకి వెలుగు వేసి చూస్తే నల్లగుడ్డు అంచు వెనక పలుచని తిత్తి కనిపించింది. కహ్వాతో జత కట్టించే ముందు జూలు వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి జన్యు పరీక్షకు పంపుదామని మేనేజరుతో అన్నాను.

“ఎర్రగుర్రంలో సిల్వర్ ఎక్కడుంది డాక్టర్?” అని నవ్వాడు.

వివరించాను. రెండింటిలోనూ ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ప్రమాదమని చెప్పాను. మిగిలిన మూడు వంతులు మనవైపే కదా అన్నాడు. యజమానికి కూడా చెప్పాను. ఆయన మర్యాదగా విని, మేనేజరుకు అనుభవం ఉందన్నాడు. ఫిబ్రవరిలో జత కట్టించారు.

జమ్రా బాధ్యత గంగారాంది. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు. చూలుతో ఉన్న జమ్రాను “ఎర్రక్క” అని పిలుస్తూ, బిడ్డ కాన్పుకు పుట్టింటికి వచ్చినట్టు చూసుకున్నాడు. మరుసటి జనవరిలో, ఒక ఉదయం, అది ఆడపిల్లను ఈనింది. గోధుమ వన్నె ఒళ్లు, తెల్లటి కనురెప్పల వెంట్రుకలు. పెరిగితే చాక్లెట్ అయ్యే రంగే అది. యజమాని కుటుంబమంతా వచ్చి ఫోటోలు తీసుకుంది. కళ్లు ఎంత పెద్దవో అని మురిసిపోయారు.

వాళ్లు వెళ్లాక గంగారాం నా దగ్గరకు వచ్చాడు. “డాక్టరమ్మా, పిల్ల కండ్లు గింత పెద్దగున్నయేంది? అందరు మస్తుగున్నయంటున్రు. నాకైతే భయమైతాంది.”

అప్పటికే నాకూ అనుమానంగా ఉంది. కనుపాపలు చుక్కల్లా ఉన్నాయి. వాటిని విప్పార్చే మందు వేసినా కదలలేదు. గుడ్లు ముందుకు ఉబ్బి ఉన్నాయి. లోపలి పొర ఊడింది. ఎండలోనుంచి నీడలోకి రావాలంటే పిల్ల ఆగిపోతోంది, గేటుకు గుద్దుకుంటోంది. చూపు దాదాపు లేదని, ఇది పుట్టుకతో వచ్చిందని మేనేజరుకు అదే రోజు చెప్పాను.

ఆయన యజమానికి చెప్పినది వేరు. సయీసు తడిసిన గడ్డి మార్చలేదట, మూత్రం ఘాటుకు పిల్ల కళ్లు కాలిపోయాయట. వారం తిరగకుండా గంగారాం వీసా రద్దయింది.

నేను వెళ్లేసరికి అతను సామాను కట్టుకుని గది బయట కూర్చున్నాడు.

“నేనేం జేసిన డాక్టరమ్మా? దినాం రెండుపూటల గడ్డి మార్చిన. మీరు జూస్తనే ఉన్నరు.”

“నీ తప్పేం లేదు గంగారాం. తల్లీ తండ్రీ రక్తంలోంచి వచ్చిన జబ్బది. నేను యజమానితో మాట్లాడతాను.”

“మాట్లాడున్రి. గని టికెట్ అచ్చింది. ఖలాస్ అన్నడు మేనేజర్.” అతని ఊరివాళ్లకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. “దుబాయికెల్లి ఎందుకచ్చినవ్ అని ఊర్లె అడుగుతరు. ఏం జెప్పాలె? గుర్రం కండ్లు పోగొట్టిండట అంటరు.”

వ్యాను వచ్చాక మళ్లీ నావైపు తిరిగాడు. “పిల్లను ముట్టే ముందు పిలువున్రి. సప్పుడు లేకుంట చెయ్యేస్తే బెదురుతది.”

ఆ మధ్యాహ్నమే యజమానిని కలిశాను. కాఫీ ఇప్పించాడు, ఓపికగా విన్నాడు. పరీక్షకు ఒప్పుకున్నాడు. గంగారాంను ఆపమంటే మాత్రం, పనివాళ్ల సంగతి మేనేజరుది, అందులో తాను జోక్యం చేసుకోనన్నాడు. సాయంత్రం విమానానికి గంగారాం వెళ్లిపోయాడు.

వెంట్రుకల ఫలితం విదేశం నుంచి వచ్చింది. సిల్వర్ జన్యువు తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి, పిల్లలో రెండూ. మేనేజరు చదివి, “సరే, తెలిసింది కదా” అని తిరిగి ఇచ్చాడు. గంగారాంను వెనక్కి పిలిపించమని అడిగితే, ఆ చోటికి మరొకరు వచ్చేశారన్నాడు. నేను గంగారాంకు ఫోను చేసి చెప్పాను. విని, “గిప్పుడెవలికి జెప్పాలె డాక్టరమ్మా?” అన్నాడు.

కొత్త సయీసు మంచివాడే. కానీ అతని గొంతు పిల్లకు కొత్త. చాలా రోజులు మేత సరిగా ముట్టలేదు, చెయ్యి తగిలితే గోడకు కొట్టుకునేది. ఒంటి రంగు మాత్రం నెలనెలకూ ముదిరింది. అతిథులు కంచె అవతల నుంచి చూసి మెచ్చుకునేవారు. కళ్ల సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ మెప్పు చూసి మరుసటి సీజనుకు మేనేజరు మళ్లీ అదే జంటను నిర్ణయించాడు. స్కానింగు చేయనన్నాను. మరో డాక్టరును పిలిపించి చేయించారు. నా కాంట్రాక్టు పొడిగించలేదు. నా పదవీ విరమణ అలా జరిగింది.

గుర్రాల పెంపకంలోకి వస్తున్న యువ డాక్టర్లు కొందరు ఇప్పుడు సలహా అడుగుతుంటారు. జన్యుశాస్త్రం వాళ్లకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు సంతకం లేకుండా జత కట్టించకూడదన్న షరతు చేరే ముందే రాయించుకోండి. అది లేనిచోట డాక్టరుకు మిగిలే పని జరిగిపోయిన నష్టానికి పేరు పెట్టడమే. ఆ పేరు ఎంత సరైనదైనా, శిక్ష అప్పటికే పడకూడనివాళ్ల మీద పడి ఉంటుంది.